పాటకి దారి దొరికింది... మరి మనుషులకి?

స్కూల్ ప్రేయర్‌లో మనం చదివిన ‘గురుబ్రహ్మ’ శ్లోకం 1971లో బ్రిటన్ నంబర్ వన్ పాటలో వినిపించిందంటే నమ్ముతారా? బీటిల్స్ గిటారిస్ట్ జార్జ్ హారిసన్ చేసిన ‘మై స్వీట్ లార్డ్’ అది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండో సగం వినండి. వెనక గొంతులు ముందు ‘హల్లెలూయా’ అంటుంటాయి. మన కాలు తాళం వేయడం మొదలెట్టాక, చడీచప్పుడు లేకుండా ‘హరే కృష్ణ’లోకి జారిపోతాయి. రెండూ ఒకటేనని చెప్పడానికే అలా కలిపానన్నాడు హారిసన్. ఆ కోరస్‌లో చాలా గొంతులు ఆయనవే, ఒకదాని మీద ఒకటి రికార్డ్ చేసినవి. ట్యూన్ మీద కోర్టు కేసు కూడా నడిచింది కానీ, అది వేరే కథ.

ఈ భజన ఆయనకి గాల్లోంచి రాలేదు. 1969లోనే లండన్ కృష్ణభక్తులతో హరేకృష్ణ మంత్రాన్ని రికార్డ్ చేయించాడు. వాళ్లకి చోటు చాలకపోతే 1973లో వాట్‌ఫర్డ్ దగ్గర, లెచ్‌మోర్ హీత్ అనే చిన్న ఊళ్లో ఓ పెద్ద బంగ్లా కొని ఇచ్చేశాడు. అదే భక్తివేదాంత మేనర్.

లండన్‌కి ఆన్‌సైట్ వెళ్లినవాళ్లకి ఇది మంచి వీకెండ్ ట్రిప్. యూస్టన్‌లో ఫాస్ట్ ట్రైన్ ఎక్కితే 20 నిమిషాల్లో వాట్‌ఫర్డ్ జంక్షన్, అక్కణ్నుంచి టాక్సీ. బయట్నుంచి చూస్తే పాత ఇంగ్లిష్ సినిమాలో బంగ్లాలా ఉంటుంది. చెప్పులు విప్పి లోపలికెళ్తే రాధా గోకులానందులు, మృదంగం, హారతి. బయట గోశాల ఉంది, హారిసన్ పేరు మీద ఓ తోట ఉంది. ఆకలితో వెళ్లండి, ప్రసాదం ఉంటుంది.

నన్ను మాత్రం ఎక్కువసేపు ఆపింది గుడికెళ్లే రోడ్డు. బోర్డు మీద పేరు ‘ధరమ్ మార్గ్’. ఆ పేరు ఊరికే రాలేదు.

రేడియోలో భజన వచ్చినప్పుడు ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ భజన చేసేవాళ్లు కార్లేసుకుని ఇరుకు సందుల్లోంచి వేలల్లో రావడం మొదలెట్టాకే గొడవైంది. ఊళ్లోవాళ్ల బాధ అబద్ధమేం కాదు. ఓ చెరువు, ఓ పబ్, నాలుగు ఇళ్లున్న ఊరు, జన్మాష్టమి రద్దీని ఎలా తట్టుకుంటుంది? కానీ స్థానిక కౌన్సిల్ ఏకంగా అక్కడ జనం పూజలకి రావడమే ఆపేయాలంది. కేసులు ఏళ్ల తరబడి సాగాయి. 1994లో వేలమంది లండన్ వీధుల్లో ఊరేగింపు తీశారు. గుజరాతీ బామ్మలు, తెల్లవాళ్లు, కాలేజీ కుర్రాళ్లు... పాట వినడం వేరు, దానికోసం రోడ్డెక్కడం వేరు.

చివరికి 1996లో ప్రభుత్వం అనుమతిచ్చింది. పరిష్కారం వింటే ఇంజనీర్‌గా నాకు నవ్వొచ్చింది: ఊరిని తాకకుండా గుడికి వేరే రోడ్డు వేసుకోండి, అంతే. ట్రాఫిక్ సమస్యకి బైపాస్! దానికి ఇన్నేళ్లా?

జన్మాష్టమికి వెళ్తే మాత్రం కారు ధరమ్ మార్గ్ మీదుగానే పోనివ్వండి. మ్యాప్ షార్ట్‌కట్ చూపించినా, ఊళ్లోంచి వద్దు.