నాలుగున్నర అలారం

నా ఫోన్‌లో ఐదు అలారాలు ఉన్నాయి. 4:30, 4:35, 4:40... అలా. ఐదింటినీ కళ్లు తెరవకుండానే ఆపగలను. మా రూమ్మేట్ లేచి కూర్చుని నన్ను తిట్టేవాడు గానీ, నేను మాత్రం లేచేవాణ్ని కాదు.

ఫొటోల పిచ్చి ఫస్టియర్‌లోనే పట్టుకుంది. చదివేది బాపట్లలో, సూర్యలంక తీరం 9 కిలోమీటర్లు. శీతాకాలంలో సూర్యుడు దక్షిణానికి జరిగి వస్తాడు కాబట్టి అక్కడ సూర్యోదయం నేరుగా నీళ్ల మీదే. ఇదంతా యాప్‌లో చూసి చెప్తున్నదే, కళ్లతో చూసింది సున్నా. ఒక్కసారి నలుగురం బయల్దేరి, దారిలో టీలు తాగి, చేరేసరికి ఏడున్నర. ఇసుకంతా పాలిపోయినట్టు తెల్లగా ఉంది. వల సర్దుకుంటున్న పెద్దాయన ఒకాయన "ఇప్పుడొచ్చారేంటి బాబూ, చూడాల్సిందంతా అయిపోయింది" అన్నాడు.

ఆయన అన్నది నిజం. ఫొటోకి పనికొచ్చే ఆ నీలి వెలుగు సూర్యుడు కనబడడానికి ముందు సుమారు 20 నిమిషాలే ఉంటుంది. మనం భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి సూర్యుడు దాదాపు నిటారుగా పైకొచ్చేస్తాడు. యూరప్ వాళ్ల వీడియోలు చూసి గంటసేపు తీరిగ్గా తీయొచ్చు అనుకుంటే మన దగ్గర కుదరదు.

ఇంతలో నవంబరు చివర్లో నాన్న ఫోన్ చేశాడు. మా ఇల్లు తెనాలి. రేపల్లె వైపు కాలవ కింద ఎకరం మాగాణి ఉంది, కౌలుకిచ్చాం. అక్క పెళ్లి అప్పు, నా ఫీజులు కలిపి ఆ ఎకరం అమ్మేశారు. సంక్రాంతి దాటాక రిజిస్ట్రేషన్. "ఒరేయ్, ఫ్రెండుది కెమెరా ఉందన్నావుగా. కోత కోసేలోపు మన చేను ఒక్క ఫొటో తియ్యి" అన్నాడు. ఇంకేం అనలేదు.

ఆ శనివారమే కెమెరా తీసుకుని ఇంటికెళ్లాను. ఆదివారం లేచేసరికి ఎనిమిది.

"లేపలేదేం నాన్నా?"

"పడుకున్నావు కదా అని."

స్వెట్టర్ వేసుకుని, మెడకి కండువా చుట్టుకుని వరండాలో కూర్చుని ఉన్నాడు. ఎప్పుడు రెడీ అయ్యాడో అడగడానికి నోరు రాలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాతి ఆదివారమే చివరి అవకాశం. సోమవారం కోతకి కూలీలొస్తున్నారు. ఆ రాత్రి అలారం పెట్టాను గానీ, అది మోగకముందే 3:50కి మెలకువొచ్చింది. నాన్న బండి తుడుస్తున్నాడు.

కాలవ గట్టు మీద మంచు. మబ్బులేని రాత్రి నేల చల్లబడితే, తడి ఎక్కువున్న డెల్టా పొలాల మీద పొగమంచు అలాగే కమ్ముతుందని ఎప్పుడో చదివాను. చదివింది ముఖానికి కొడుతుంటే వేరేగా ఉంది. చేరేసరికి ఆరు. పండిన వరి మంచు బరువుకి వంగిపోయి ఉంది. కౌలు చేసే బాబాయి రెండ్రోజుల కిందటే కోతకి ముందు వరిలో మినుములు చల్లాడు. ఆ మినుము కాయ పట్టేసరికి చేను మాది కాదు.

లెన్స్ మీద తేమ పట్టేసింది. నాన్న కండువా కొసతో తుడవబోతే "అలా తుడవకూడదు నాన్నా" అని అరిచాను. ఆయన నవ్వి గట్టు దిగాడు. ట్రైపాడ్ లేదు, కల్వర్టు గోడ మీద కెమెరా పెట్టి నలభై దాకా తీశాను. వాటిలో ఒక్కటే నాకు నచ్చింది. నాన్న వంగి, ఒక వెన్ను అరచేతిలో పెట్టుకుని గింజలు చూస్తున్నాడు. వెలుతురు చాలక కాస్త కదిలింది. పోటీకి పంపితే మొదటి రౌండ్‌లోనే తీసేస్తారు.

ప్రింట్ తీయించి ఇస్తే నాన్న చాలాసేపు చూసి, "చేను సరిగా పడలేదురా, మధ్యలో నేను అడ్డొచ్చాను" అన్నాడు. అయినా టీవీ పక్కన పెట్టుకున్నాడు.

మోటివేషన్ కోసం నేను చూసిన వీడియోలకి లెక్కలేదు. ఒక్కటీ నన్ను మంచం దించలేదు. వరండాలో కూర్చున్న మనిషి దించాడు. అందుకే ఇప్పుడు తీరానికి వెళ్లాలంటే ముందురోజే ఒక జూనియర్‌కి మాటిచ్చి, ఐదింటికి గేటు దగ్గర నిలబడమంటాను. వాడు చలిలో నిలబడతాడన్న భయానికి లేస్తున్నాను.

మొన్న ఫిబ్రవరిలో ఆరుకల్లా సూర్యలంక చేరాం. ఆ పెద్దాయనకి కనబడాలని వెతికాను. ఒడ్డున లేడు. ఆయన పడవ అప్పటికే లోపలికెళ్లిపోయింది.