కనుమ నాటి బఫే

పండక్కి వంట చెయ్యడం కంటే వడ్డించడమే కష్టమని నేనంటాను. తెల్లవారుజామున 4 గంటలకి పొయ్యి వెలిగిస్తే 11 కల్లా వంట అయిపోతుంది. వడ్డన అలా కాదు. మొదటి బంతిలో పెద్దవాళ్ళు, మగవాళ్ళు. రెండో బంతిలో చుట్టాలు, పిల్లలు. ఆఖరి బంతి వంటింట్లో వాళ్ళది. మన వంతు వచ్చేసరికి 3 దాటుతుంది. గారెలు చల్లారి సాగుతుంటాయి. గుత్తివంకాయ గిన్నెలో కాయలుండవు, గుజ్జుంటుంది. "ఆకలి చచ్చిపోయింది, కాస్త మజ్జిగన్నం చాలు" అని మా అమ్మ అనేది, మా అత్తగారూ అనేవారు. ఏడాది పొడుగునా లేని ఈ జబ్బు పండగనాడే ఆడవాళ్ళకి ఎందుకొస్తుందో ఎవరూ అడగలేదు.

అందుకే మూడేళ్ళుగా కనుమ నాడు మా ఇంట్లో బఫే పెడుతున్నాం. సంక్రాంతి నాడు నైవేద్యం, పెద్దలకి పెట్టుకోవడం ఉంటాయి కనక ఆ రోజు అరిటాకులే. కనుమకి ఆడపడుచుల కుటుంబాలతో కలిపి 24 మందిమవుతాం. ఉన్నది కాకినాడలో చిన్న ఫ్లాటు. హాల్లో బంతికి ఎనిమిది మందికి మించి పట్టరు.

మొదటిసారి ఈ మాట ఎత్తినప్పుడు అత్తయ్య ఒప్పుకోలేదు. "ఇంటికొచ్చిన ఆడపిల్ల కంచం పట్టుకుని వరసలో నిలబడ్డమేంటమ్మాయ్? కొసరి వడ్డించకపోతే అది పండగ భోజనమా, సత్రం భోజనమా?" అన్నారు. ఆవిడ మాటలో న్యాయముంది. పెళ్ళిళ్ళలో ఒక చేత్తో ప్లేటు మోస్తూ ఇంకో చేత్తో అన్నం కలుపుకోలేక అవస్థ పడేవాళ్ళని అందరం చూస్తూనే ఉన్నాం. మనది నిలబడి తినే తిండి కాదు. వేడన్నంలో పప్పూ నెయ్యీ కలుపుకోవాలంటే కుదురుగా కూర్చోవాలి. కాబట్టి మా ఇంట్లో పెట్టుకోవడం బల్ల దగ్గర, తినడం కూర్చుని. ఎవరెక్కడ కూర్చుంటారో లెక్క చూశాకే వంటకాల లెక్క చూస్తాను. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కుర్చీ, ముందో స్టూలు. పిల్లలకి చాప.

ఇక బల్ల సంగతి. డైనింగ్ టేబులుని గోడ వార నుంచి హాలు మధ్యకి లాగితే రెండు వైపుల నుంచీ పెట్టుకోవచ్చు, వరస సగానికి తగ్గిపోతుంది. కంచాలు మొదట్లో, చెంచాలు చివర్లో ఉండాలి. చెంచా ముందే ఇస్తే అది పట్టుకుని అన్నం పెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. మంచినీళ్ళు, పెరుగు, తీపి వేరే చిన్న బల్ల మీద పెడతాను. అవి మొదటి విడతలో ఎవరికీ అక్కర్లేదు.

అందానికి నేను బొమ్మల కొలువునే నమ్ముకున్నాను. అన్ని గిన్నెలూ ఒకే ఎత్తులో ఉంటే ఎంత మంచి వంటైనా అంగట్లో సరుకులా కనిపిస్తుంది. బల్ల మధ్యలో రెండు పీటలు వేసి, వాటి మీద నుంచి పాత నేత చీర పరిచి, పైన తుడిచిన అరిటాకులు వేస్తాను. పెద్ద గిన్నెలు పీటల మీద, పచ్చళ్ళు అంచుల్లో. పులిహోర పక్కన పప్పు పెడితే రెండూ పసుపు రంగులో కలిసిపోతాయి. మధ్యలో గోంగూర పచ్చడి పెడితే దేనికదే వెలుగుతుంది. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి బంతిపూలు వదిలితే చాలు. ఘాటైన వాసన పూలు వద్దు, నెయ్యి వాసనతో పోట్లాడతాయి.

ఇత్తడి గిన్నెలు చూడ్డానికి బాగుంటాయి కానీ కళాయి పూత లేనివాటిలో పులుపు తగిలే పదార్థాలు పెట్టకూడదు. పులిహోర, దప్పళం, పెరుగు స్టీలులోనో పింగాణీలోనో పెట్టి, గారెలకీ బొబ్బట్లకీ ఇత్తడి పళ్ళేలు వాడుకుంటాను. గిన్నెలు చిన్నవైతేనే మేలు. అయిపోయినప్పుడల్లా లోపల నుంచి వేడిగా నింపితే చివరివాళ్ళకీ గిన్నె నిండుగానే కనిపిస్తుంది. దప్పళం గిన్నెని వేడినీళ్ళున్న పెద్ద గిన్నెలో కూర్చోబెడతాను. బల్ల మీద ఏదీ రెండు గంటలకి మించి ఉంచను. నాటుకోడి కూర ఒక చివర, దానికి విడిగా గరిటె. తిననివాళ్ళు అటు వెళ్ళక్కర్లేదు.

మా 24 మందికి కిలో బియ్యం పులిహోరకి, కిలోన్నర అన్నానికి, 3 లీటర్ల పాలు తోడుకి. కనుమ నాడు మినుము తినాలంటారు కనక గారెలకి కిలోంపావు మినప్పప్పు నానబోస్తాను. వంటకాల పేర్లు చీటీల మీద పిల్లల చేత తెలుగులోనే రాయిస్తాను. బెంగుళూరు నుంచి వచ్చే మేనకోడలు "ద-ప్ప-ళం" అని కూడబలుక్కుని చదివి, అదేంటో రుచి చూస్తానంది. గుమ్మడికాయ ముక్క ముట్టని పిల్ల!

అత్తయ్య వేసిన అసలు చిక్కుప్రశ్న వేరే ఉంది. "మారు కావాలంటే ఎలా? ఎంగిలి చేత్తో గరిటె ముట్టుకోకూడదు, ఎడంచేత్తో పెట్టుకోకూడదు." నిజమే. మారు వడ్డనకి మనిషి ఉండాల్సిందే. ఆ మనిషి వండినవాళ్ళలో ఒకరు కాకూడదు, అంతే. తినేసి చెయ్యి కడుక్కున్న మగవాళ్ళు తలో పావుగంట గరిటె పట్టుకోవాలని వంతులు రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మా వారు, ఇంటర్ చదివే మా అబ్బాయి, ఇద్దరు అన్నయ్యగార్లు. "అల్లుళ్ళ చేత వడ్డన చేయిస్తావా!" అని అత్తయ్య తల పట్టుకున్నారు. పెద్ద అన్నయ్యగారే లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, "ఎవరికండీ దప్పళం?" అంటూ బయల్దేరారు. ఆఖరి వాయి గారెలు వేయించే పని చిన్న అన్నయ్యగారు తీసుకున్నారు. రెండు మాడాయి. ఎవరూ ఏమీ అనలేదు.

అత్తయ్యకి 72 ఏళ్ళు. అల్లుడి ఎదురుగా కూర్చుని తినడం ఎరగని మనిషి. ఆ రోజు కుర్చీలో కూర్చుని, కొంగు సర్దుకుంటూ, తలొంచుకుని తింటున్నారు. పెద్ద అన్నయ్యగారు పళ్ళెంతో వచ్చి, "ఇంకొక్క గారె అత్తయ్యగారూ, వేడిగా ఉంది" అన్నారు. వద్దని చెయ్యి అడ్డుపెట్టారు. ఆయన చెయ్యి పక్కనుంచి వేసేశారు. కొసరి వడ్డించడం అంటే అదే కదా! ఎక్కడికీ పోలేదు, చేతులు మారింది. అత్తయ్య ఆ గారె విరిచి కోడికూర పులుసులో అద్దుకుని, కరకరలాడుతుండగా తిన్నారు. మజ్జిగన్నం మాట ఎత్తలేదు.

ఈసారి మా పెద్దాడపడుచు వాళ్ళింట్లో ఉగాదికి ఇలాగే పెడుతుందట. బల్ల మీద పీటలు ఎన్ని వెయ్యాలి వదినా అని ఫోన్ చేసి అడిగింది. రెండు చాలు, ముందు గరిటె ఎవరెవరు పట్టుకుంటారో పేర్లు రాసి ఫ్రిజ్ మీద అంటించమన్నాను.