దీపమునకు తగిన చోకు

ఎండలకు పేరుపడిన నంద్యాలలో దీపపు వెలుగున మొక్కలు పెంచుట యేలయని చదువరులు నవ్వవచ్చును. మా సైన్సు గది ప్రక్కనున్న సామానుల కొట్టునకు కిటికీ లేదు. నంద్యాల జిల్లా యేర్పడిన 2022వ సంవత్సరమున, నేను కిరణజన్య సంయోగక్రియను గుఱించి పాఠము చెప్పుచుండగా, ఎనిమిదవ తరగతి బాలుడొకడు లేచి, "సార్, ఎండ బొత్తిగా లేకున్నను మొక్క బ్రదుకునా?" అని యడిగెను. చూచియే తెలిసికొందమని ఆ చీకటి కొట్టులో టొమాటో, వంగ నారు పోసి, పైన దీపమొకటి వ్రేలాడగట్టితిమి. నీరు పోయుట, ఆకుల కొలతలు వ్రాయుట ఆ బాలునికే యప్పగించితిని. అతడు ఆళ్లగడ్డవాడు, తండ్రి విగ్రహములు చెక్కు శిల్పి. బాలుడు హాస్టలులో నుండి చదువుకొనుచుండెను.

2015వ సంవత్సరమున జాతీయ వీధిదీప పథకము ఆరంభమైన పిమ్మట పెక్కు పట్టణములలో సోడియము దీపములు తొలగించి ఎల్.ఇ.డి. దీపములు పెట్టిరి. పాత సామగ్రి చౌకగా దొరకుచుండెను. నేను క్రొత్త 250 వాట్ల సోడియము బల్బు నొకటి, పాత చోకు నొకటి, ఇగ్నైటరు నొకటి కొంటిని. చోకుమీద రంగు పూసియుండుటచే దానిపై అక్షరములు కానరాలేదు. నేనును గీకి చూడలేదు.

దీపము మహాప్రకాశముగ వెలిగెను. నేను పొంగిపోతిని. వారము గడచిన తరువాత ఆ బాలుడు నాయొద్దకు వచ్చి, "సార్, దీపము మొదట పసుపుగా నుండెను, ఇప్పుడు తెల్లబడుచున్నది. చోకు గట్టిగా రొదచేయుచున్నది. చేయి పెట్టలేనంత వేడిగా నున్నది," అనెను. "నీ పని నీవు చూచుకొనుము, నాయనా," అని పంపివేసితిని.

పదునొకండవ దినమున దీపము ఆరిపోయెను. దానిక్రింద నేల తడిగా నుండెను. వేడి గాజుమీద నీరు చిలికి బల్బును పగులగొట్టితివని తరగతి యెదుట ఆ బాలుని నిందించి, తోటపని నుండి తొలగించితిని. అతడు తలవంచుకొనెనే కాని మాఱుమాట పలుకలేదు. శనివారము ఊరికి పోయి, సోమవారము తిరిగి రాలేదు. మఱి రెండు దినములు చూచితిని, అప్పుడును రాలేదు.

గురువారమున ఎలెక్ట్రీషియను వచ్చి బల్బును చేతబట్టి త్రిప్పి చూచి, "సారూ, పైగాజునకు బీటయే లేదు. లోపలి గొట్టము చివరలు మాడి నల్లబడినవి," అనెను. పిమ్మట చాకుతో చోకుమీది రంగును గీకెను. 400 అను సంఖ్య బయటపడెను.

ఇట్టి దీపములో మండు తీగె లేదు. లోపలి ఆవిరి గుండ విద్యుత్తు ప్రవహించును. ప్రవాహము హెచ్చినకొలది ఆవిరి యొక్క అడ్డు తగ్గును. అడ్డు తగ్గినకొలది ప్రవాహము ఇంకను హెచ్చును. నిలువరించునది లేనిచో దీపము క్షణములో నశించును. ఇనుప రేకులకు చుట్టిన రాగితీగె చుట్టయే ఆ నిలువరించునది; దానినే చోకు అందురు. ఇగ్నైటరు మొదట కొన్నివేల వోల్టుల పోటు నిచ్చి వెలిగించును. తరువాతి కాపుదల యంతయు చోకుదే. 250 వాట్ల సోడియము దీపమునకు సుమారు 3 ఆంపియర్లు చాలును. 400 వాట్ల చోకు సుమారు 4.5 ఆంపియర్లు పోనిచ్చుటకై చేయబడినది. నేను మెచ్చుకొన్న ఆ కాంతి దీపము మాడిపోవుచుండిన కాంతియే. వాట్లు సరిపోయిన మాత్రమున చాలదు, జాతియు కలియవలెను. 250 వాట్ల పాదరస దీపపు చోకు సుమారు 2 ఆంపియర్లనే పోనిచ్చును గనుక దానితో సోడియము దీపము మందముగ వెలుగును. ఎల్.ఇ.డి. దీపమునకు చోకు లేకున్నను డ్రైవరు కలదు; అదియు దీపమునకు తగినదై యుండవలెను.

ఈ సంగతులు నేను శిక్షణ కళాశాలలో చదివినవే, పిల్లలకు చెప్పినవే. గాజును చూడక, చోకును గీకక, ఒక పిల్లవానిమీద తీర్పు చెప్పితిని. చూచినది చూచినట్లు చెప్పినవాడు అతడొక్కడే.

ఆదివారము మధ్యాహ్నము చోకును సంచిలో వేసికొని బస్సెక్కి, సిరివెళ్ల మీదుగ ఆళ్లగడ్డకు పోతిని. రోడ్డు ప్రక్కన ఉలుల చప్పుడు వినబడుచుండెను. బాలుడు తండ్రి ప్రక్కన కూర్చుండి రాతిని నునుపు చేయుచుండెను. జుట్టంతయు తెల్లని దుమ్ము. తండ్రి లేచి, "అయ్యవారూ, వీడు ఇక బడికి రానన్నాడు. పని నేర్పుచున్నాను," అనెను.

నేను చోకును తీసి, ఆ సంఖ్యను చూపి, జరిగినదంతయు ఆయన యెదుటనే చెప్పి, "తప్పు నాది, నాయనా, క్షమింపుము," అంటిని. తండ్రి కొంతసేపు మాటాడలేదు. తుదకు, "మా పనిలో రాయిని ముందు తట్టి చూతుము, అయ్యవారూ. ధ్వని విన్న తరువాతనే ఉలి పెట్టుదుము," అనెను. నాకు సమాధానము తోచలేదు.

బాలుడు చోకును రెండుచేతుల నెత్తి, అన్నివైపుల చూచి, "సార్, మొక్కలు బ్రదికియున్నవా?" అని యడిగెను. సగము బ్రదికియున్నవని చెప్పితిని. "ఐతే 250 చోకు కావలెను," అని లేచి చేతుల దుమ్ము దులుపుకొనెను.

సోమవారము ఉదయమున తరగతి యెదుట నా తప్పును నేనే చెప్పితిని. మిగిలిన వంగమొక్కలు ఆ యేడు పూత పూచినవి. క్రొత్త చోకుమీద ఆ బాలుడు తెల్లరంగుతో వ్రాసిన మాట నేటికిని చెదరక యున్నది: "250. బల్బు చూచి తగిలించవలెను." ఆ కొట్టు తలుపు తెఱచినప్పుడెల్ల నేను దానిని చదువుదును.