పాత కారునకు క్రొత్త బ్రేకులు

పాత కారనగానే మనవారికి హైదరాబాదు చౌమహల్లాలోని నిజాముగారి పసుపుపచ్చని రోల్సు రాయిసు కన్నులకు గట్టును. అది రాజులెక్కినది, మనము దూరమునుండి చూచి రావలసినది. మధ్యతరగతి సంసారముల నీడ్చిన పాత కార్లును గలవు. చోడవరములో మా యింట నట్టిది యొకటి యున్నది. దాని పేరు స్టాండర్డు హెరాల్డు. వైద్యులగు మా నాయనగారు 1966లో దానిని కొనిరి. అందులోనే వారు వడ్డాది, మాడుగుల మీదుగా పాడేరు ఘాటీ యెక్కి రోగుల జూచి వచ్చుచుండిరి. గోవాడ మిల్లునకు చెఱకు మోయు ఎడ్లబండ్లు దారి నిండిన దినములలో, అవి తొలగువఱకు ఇంజను నాపుకొని కూర్చుండెడివారట.

ఈ బండి వంశము కొంత చెప్పవలయును. 1959లో ఇంగ్లండునందలి కవెంట్రీలో ట్రయంఫు కంపెనీవారు దీనిని వెలువరించిరి. రూపము గీసినవాడు ఇటలీవాడగు మిచెలొట్టి. 1961 మొదలు మదరాసులోని స్టాండర్డు సంస్థవారు మనదేశమున దీనిని చేయసాగిరి. 1962లో కవెంట్రీవారు ఈ చట్రమునే కుఱుచ చేసి, మిచెలొట్టిచేతనే క్రొత్త తొడుగు గీయించి, ఇద్దరు కూర్చుండదగిన చిన్న పరుగుబండిని నిర్మించి స్పిట్‌ఫైరని పేరిడిరి. కావున మా డాక్టరుగారి బండికిని, పందెములలో పాల్గొన్న ఆ సొగసుకత్తెకును అక్కచెల్లెండ్ర వరుస.

ఈ వరుసయే మా యింట తగవునకు మూలమయ్యెను. హెరాల్డు తొడుగు ఏకఖండము కాదు. తమకు తొడుగులు చేసి యిచ్చు కర్మాగారమును 1953లో పోటీ కంపెనీవారు కొనివేయుటచే, ట్రయంఫువారు తొడుగును తునకలుగా చేయించి చట్రముమీద బోల్టులతో బిగించిరి. పైకప్పు సైతము బోల్టులతో నిలిచినదే. బెంగుళూరునుండి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు బండి క్రింద దూరి చూచి, "మామయ్యా, కప్పు విప్పేస్తే ఇది స్పిట్‌ఫైరే! వెడల్పు టైర్లు వేసి, సైలెన్సరు మార్చితే విశాఖ బీచిరోడ్డులో అందరూ ఆగి చూస్తారు" అనెను. వాని తల్లి, అనగా మా అక్కయ్య, కుమారుని తెలివికి మురిసిపోయెను.

నేను చట్టము సంగతి చెప్పితిని. తయారుచేసినవారి నిర్మాణమునకు విరుద్ధముగా బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. సుప్రీముకోర్టువారు 2019 జనవరిలో ఆ మాటనే గట్టిపఱచిరి. 2021లో కేంద్రప్రభుత్వమువారు ఏబదియేండ్లు దాటిన బండ్లకు ప్రత్యేకమైన రిజిస్ట్రేషను ఏర్పఱచిరి గాని, చట్రము, తొడుగు, ఇంజను మార్చిన బండి దానికి తగదు. పైగా ఆ రిజిస్ట్రేషను పొందిన బండిని ప్రదర్శనలకు తప్ప నిత్యము రోడ్డుమీద నడపరాదు. మాకు అది నచ్చలేదు. మందసములోని పట్టుచీరవలె కారును దాచుకొని యేమి లాభము? సామాన్యపు రిజిస్ట్రేషనే నిలుపుకొంటిమి. ఆ కాగితములలో నింకను విశాఖపట్టణము జిల్లా యనియే యున్నది. 2022 ఏప్రిలులో మా యూరు అనకాపల్లి జిల్లాలో చేరినది.

మా అమ్మాయి ఈ తగవులో మూడవ పక్షము. విశాఖలో ఇంజనీరింగు చదివినది. "కప్పు సంగతి తరువాత, నాన్నగారూ. ఇది ఘాటీ దిగేటప్పుడు ఆగుతుందా, అది చూడాలి" అనెను. మా యూరి వృద్ధ మెకానిక్కు దానికి వత్తాసు పలికెను: "బాబూ, తిన్నగా పోయినంతసేపు బండి బంగారమేనండి. మలుపులోనే దాని బుద్ధి తెలుస్తాది."

ఆతడు చెప్పిన బుద్ధి యిది. హెరాల్డు వెనుక చక్రములు నడుమనున్న గేరుపెట్టెకు కీళ్లతో తగిలింపబడి, అడ్డముగా పఱచిన పట్టీస్ప్రింగు నాధారము చేసికొని ఊగుచుండును. మలుపున వేగముగా పోవుచు తటాలున ఆక్సిలేటరు వదలినచో, వెనుకభాగము లేచి, వెలుపలి చక్రము లోనికి ముడుచుకొని, బండి తోక విసరును. స్పిట్‌ఫైరునకును ఈ జబ్బు పుట్టుకతోనే వచ్చినది. కవెంట్రీవారు 1970లో దాని స్ప్రింగును మార్చి నయము చేసిరి. మదరాసువారు హెరాల్డు తరువాత 1972లో తెచ్చిన గజెలు బండికి నేరైన ఇరుసునే వేసిరి. కప్పు విప్పి స్పిట్‌ఫైరు సొగసు కోరువారు దాని చరిత్రలోని ఈ పుటను చదువరు. చేసినవారే దిద్దుకొనిన లోపమును మనము పాతదను గౌరవముచే కాపాడవలయునా? తాతగారు నూతిలోని బురదనీరు త్రాగిరని మనము త్రాగుచున్నామా?

మా అమ్మాయి కోరినవి నాలుగే: ముందు చక్రములకు స్పిట్‌ఫైరువి యగు డిస్కు బ్రేకులు, వెనుకకు క్రొత్త స్ప్రింగు, నడుముపట్టీలు, పెట్రోలు గొట్టములు. ఈ కడపటి దానిలో నొక చమత్కారమున్నది. ఇప్పుడు పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలియుచున్నది. ఆ ఇథనాలులో కొంత చెఱకునుండియే వచ్చును. అది పాతకాలపు రబ్బరును తినివేయును. చెఱకుతోటల నడుమ నేబదియేండ్లు తిరిగిన బండికి ఆ చెఱకే శత్రువైనది!

పని మొదలైన నాడు అక్కయ్య వాకిటిలో నిలిచి, "ఏమే, పెళ్లి కావలసిన పిల్లవు, ఆ నూనెమడ్డిలో పొర్లాడటమేమిటే? మగవాళ్లు లేరా?" అనెను. కుమారుడు టైర్లను గూర్చి మాటలాడినప్పుడు మురిసిన తల్లియే యీ మాట యన్నది. బండి క్రిందనుండియే మా అమ్మాయి, "అత్తయ్యా, ఘాటీలో బ్రేకు పట్టకపోతే పెళ్లికొడుకు వచ్చి ఆపుతాడా?" అని బదులు చెప్పెను. మన యిండ్లలో ఆడుపిల్లకు కారు నడపుట నేర్పుటకు నేడు అభ్యంతరము తగ్గినది. స్పానరు పట్టుట కింకను మిగిలియున్నది. చదువుకొన్న మగవారి చేతులకును ఆ నూనె యంటదు గదా! ఈ దేశమున చేతిపని యనిన చదువుకొన్నవానికి వెగటు. కర్మాగారములు మాత్రము కావలయును.

స్పానర్ల వద్దనే మొదటి చిక్కు వచ్చినది. ఈ బండి నట్టులన్నియు అంగుళముల కొలత. అర అంగుళపు నట్టునకు మన 13 మిల్లీమీటర్ల స్పానరు పట్టినట్లే యుండి, బలము పెట్టగానే జాఱి మూలల నరుగదీయును. వృద్ధుడు తన పెట్టె యడుగునుండి పాత అంగుళపు స్పానర్లు తీసి, కూతునకు పసుపుకుంకుమ లిచ్చినట్లు మా అమ్మాయి చేతిలో పెట్టెను. ముందు చక్రములను మోయు క్రింది కీళ్లకు గ్రీజు గాక చిక్కని గేరునూనెయే పోయవలెనని నేర్పినవాడును అతడే. దానికి గ్రీజు దట్టించువారు పెక్కుమంది యున్నారట. మరలోపల నూనె చేరక అరిగిన కీలు ఒకనాడు విఱుగును, చక్రము ప్రక్కకు ఒఱగిపోవును.

బ్రేకులు ఇంగ్లండునుండి వచ్చినవి. తయారీ నిలిచి యిన్నియేండ్లయినను అచ్చట వీని విడిభాగము లిప్పటికిని దొరకుచున్నవి. ఈ జాతి బండ్లకై 1977లో అచ్చటివారు ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్బు అను సంఘమునే స్థాపించుకొనిరి. రవాణాశాఖవారికి ముందుగా కాగితము పెట్టి, వారి మాట తెలిసికొనిన పిమ్మటనే వానిని బిగించితిమి. సుంకముతో కలిపి అయిన ఖర్చు విని అక్కయ్య, "దీనితో గొలుసు చేయించవచ్చు" అనెను. అనవచ్చును.

మాఘమాసములో ఒక ఉదయము పాడేరునుండి దిగితిమి. అమ్మాయి నడపెను, ప్రక్కన వృద్ధుడు, వెనుక నేనును అక్కయ్యయును. కాఫీతోటలు దాటి మలుపులు మొదలైనంతనే అక్కయ్య నా చేయి పట్టుకొనెను. ఎదుట నొక బస్సు దారికడ్డముగా వచ్చెను. బండి తోక విసరక, తిన్నగా, బస్సునకు రెండు బారల దూరములో నిలిచెను. వృద్ధు డేమియు ననలేదు. సంచిలోనుండి చుట్ట తీసి, అక్కయ్యను జూచి, మరల లోపల పెట్టుకొనెను. మాడుగుల చేరినంతనే అక్కయ్య హల్వా కొనిపించి మొదటి ముక్క మేనకోడలి నోట బెట్టెను. దాని చేతులకు నూనె యున్నది మఱి.

మా మేనల్లుడు మరల వచ్చినప్పుడు బ్రేకులను మెచ్చుకొనెను గాని వాని చూపు పైకప్పు నంటియే యున్నది. మా అమ్మాయి ఆ బోల్టు లన్నిటిమీద పసుపురంగు గీతలు గీసియుంచినది. ఎవరైన వదలించినచో తెలియును.