గరికపాడు దగ్గర ఆగిన ఉగాది

మా వాడపల్లికి జనం కోరికలు పట్టుకుని వస్తారు. శనివారం తెల్లవారకముందే రావులపాలెం వైపు నుంచి, లొల్ల లాకుల మీదుగా రాజమండ్రి వైపు నుంచి బళ్లు బారులు తీరతాయి. ఏడు శనివారాలు వచ్చి వెంకన్న చుట్టూ ప్రదక్షిణలు చేస్తే అనుకున్నది జరుగుతుందని నమ్మకం. వాళ్లలో సగం మంది ఉద్యోగం కోసమే తిరుగుతున్నారేమో అనిపించేది చిన్నప్పుడు. ఆ ఊళ్లో పుట్టిన మేం మాత్రం ఉద్యోగం కోసం రావులపాలెంలో రాత్రి బస్సెక్కి హైదరాబాదు పోతాం.

నేను 2019 జూలైలో వెళ్లాను. బీఎస్సీ కంప్యూటర్స్ అయింది. నాన్న అరటిగెలలు రావులపాలెం మార్కెట్‌కి తోలే వ్యాను నడుపుతారు. అమ్మ ఆత్రేయపురంలో పూతరేకులు తీసే పనికి వెళ్తుంది. బోర్లించిన కుండ కింద మంట, పైన పల్చటి బియ్యప్పిండి పాలలో ముంచిన గుడ్డ; ఒక్క లాగు లాగితే రేకు. పెట్టెల్లో ముచ్చటగా కనపడే పూతరేకు వెనక రోజంతా ఆ సెగకి కూచున్న ఆడవాళ్ల మొహాలుంటాయి. నాకు ఆ కుండ వద్దని అమ్మ పట్టుదల.

బయల్దేరేటప్పుడు అందరూ సలహాలిచ్చారు. చెడు స్నేహాలు వద్దు, రాత్రిళ్లు తిరగొద్దు, రోజూ ఫోన్ చెయ్యి. నేను చెడు స్నేహాలు చెయ్యలేదు, రాత్రిళ్లు తిరగలేదు, రోజూ ఫోన్ చేశాను. అయినా మునిగాను.

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర తలెత్తితే ఆకాశం బదులు బోర్డులు కనపడతాయి. జావా, ఒరాకిల్, టెస్టింగ్. టెస్టింగ్ కోర్సుకి 12,000 కట్టాను. ఎస్.ఆర్.నగర్‌లో నలుగురు షేరింగ్ గదిలో చేరాను. నెలకి 5,500, అడ్వాన్సు 2,000. రసీదు అడిగితే హాస్టల్ అంకుల్ నవ్వి, "మనం మనం ఆంధ్రావాళ్లమే కదమ్మా" అన్నాడు. నాకు ఆ మాట చాలా ధైర్యంగా అనిపించింది. అడగడం మానేశాను.

కోర్సు మూడు నెలల్లో అయిపోయింది. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా ఫ్రెషర్లు వద్దన్నారు. జనవరిలో గదిలో అమ్మాయి ఒక కన్సల్టెన్సీకి తీసుకెళ్లింది. ముందు 35,000 కట్టాలి, మొదటి జీతంలో మరో 35,000. మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు వాళ్లే పుట్టిస్తారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంచాలి. అది తప్పుడు కాగితమని తెలీనంత అమాయకురాలిని కాదు నేను. అందరూ ఇలాగే చేరుతున్నారు, నేనొక్కదాన్నే ఎందుకు ఆగాలి అనుకున్నాను, అంతే. అమ్మ డ్వాక్రాలో అప్పు తీసి పంపింది. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా అన్ని ఒరిజినల్సూ ఒక ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టి ఇచ్చేశాను.

ఫిబ్రవరిలో ఇంటికి అబద్ధం చెప్పాను. మా పిన్ని కూతురి నిశ్చితార్థం. వచ్చిన ప్రతివాళ్లూ "హైదరాబాద్ పిల్లకి ఏమైంది?" అని అడుగుతున్నారట. అమ్మ గొంతులో ఏదో చిన్నతనం వినపడింది. "వచ్చిందమ్మా, సోమవారం నుంచి చేరతాను" అనేశాను. కన్సల్టెన్సీ వాళ్లు రేపో మాపో అంటున్నారు కదా, పది రోజుల్లో నిజమైపోయే అబద్ధమే కదా అనుకున్నాను. అమ్మ అప్పటికే నా ఉద్యోగం కోసం వెంకన్నకి ఏడు శనివారాలు తిరిగేసింది. ఆ వారమే ఇరవయ్యొక్క కొబ్బరికాయలు కొట్టించి, వీధంతా ప్రసాదం పంచింది.

తర్వాత నెలన్నరకే లోకం తలుపులు మూసుకుంది.

మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. సాయంత్రం మేమంతా హాస్టల్ బాల్కనీలో పళ్లేలు వాయించాం, నవ్వుకుంటూ. ఆ రాత్రే లాక్‌డౌన్ అన్నారు. సోమవారం వంటమనిషి రాలేదు. మంగళవారం రాత్రి 8 గంటలకి ప్రధాని టీవీలో 21 రోజులు దేశమంతా బంద్ అని చెప్పారు. తొమ్మిదిన్నరకి అంకుల్ వచ్చి, సరుకులు లేవు, పనివాళ్లు లేరు, రేపు సాయంత్రంలోగా అందరూ ఖాళీ చెయ్యండి అన్నాడు. అడ్వాన్సు సంగతి ఎత్తితే "ఇప్పుడు అడిగే మాటా అది?" అని కసిరాడు.

తెల్లారితే ఉగాది. శార్వరి నామ సంవత్సరం. శార్వరి అంటే రాత్రి అని ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. పొద్దున్న ఆరు నుంచి పోలీస్ స్టేషన్ ముందు పాసుల కోసం క్యూలో నిలబడ్డాం. ఆ వీధిలో అంతమంది ఒక్కసారి కనపడటం అదే మొదటిసారి. దూరం పాటించమని మైకులో చెప్తున్నారు, ఒకరి బ్యాగు ఒకరి కాలికి తగులుతోంది. మధ్యాహ్నానికి స్టాంపు వేసిన కాగితం చేతికొచ్చింది. ఆరుగురం కలిసి ఒక కారు మాట్లాడుకున్నాం. మనిషికి 3,000. నా దగ్గర మొత్తం కలిపి 2,600 ఉంది. మాతోపాటు వస్తున్న పలాస అక్క 1,000 సర్దింది. ఊరికి చేరడానికి కావలసిన డబ్బు ఎప్పుడూ విడిగా ఉండాలని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

బయల్దేరుతున్నానని ఫోన్ చేస్తే అమ్మ ఏమందో తెలుసా? "ఆఫీసువాళ్లు కారు పెట్టారా అమ్మడూ?" అవునన్నాను.

పంతంగి టోల్ గేటు, సూర్యాపేట, కోదాడ. రోడ్డు మీద మాలాంటి కార్లూ, బ్యాగులు కట్టుకున్న బైకులూ తప్ప ఇంకేం లేవు. రాత్రి పదింటికి సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు చేరాం. అక్కడ బళ్లు కనుచూపు మేర ఆగిపోయి ఉన్నాయి. తెలంగాణ పోలీసులిచ్చిన పాసు ఆంధ్ర పోలీసులకి చెల్లదట. లోపలికి రావాలంటే పరీక్ష చేయించుకుని 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలి, లేదంటే వెనక్కి పోవాలి. పైన మంత్రులు మాట్లాడుకుంటున్నారని ఒకరు, పొద్దుటికి వదిలేస్తారని ఒకరు. అక్కడున్న పోలీసులకీ మాకు మించి తెలిసింది ఏమీ లేదు.

ఆ రాత్రి గురించి పెద్దగా చెప్పాలని లేదు. ఆడపిల్లలకి మరుగు లేదు. ఇద్దరు చున్నీలు అడ్డం పట్టుకుంటే మూడో మనిషి పొలంలోకి వెళ్లాలి. నాకు ఆ రోజే నెలసరి వచ్చింది. ఒకాయన బైకు మీద ఏడాది పిల్లని పడుకోబెట్టి, పక్కన నిలబడే తెల్లార్చాడు. దగ్గరి ఊరివాళ్లు ఎవరో పులిహోర పొట్లాలూ మంచినీళ్లూ తెచ్చి దూరంగా పెట్టి వెళ్లారు. పండగ పూట తిన్నది అదే. ఎవరి మాస్కులోంచి ఏం వస్తుందోనన్న భయంతో అందరం అద్దాలు దించి కూచున్నాం. దోమలు.

తెల్లవారాక డ్రైవర్ తేల్చేశాడు. "క్వారంటైనంటే నా బండి ఇక్కడే ఉండిపోతది. దిగేటోళ్లు దిగుండ్రి, నేను తిరిగి పోతున్న." పలాస అక్క దిగింది. "రావే, 14 రోజులు కూచోబెడితే కూచుందాం, మన రాష్ట్రంలో ఉంటాం కదా" అంది. ఆమెతో ఇంకొకమ్మాయి దిగింది. నేను దిగలేదు.

ఎందుకు దిగలేదో మూడేళ్ల దాకా ఎవరికీ చెప్పలేదు. క్వారంటైన్‌లో పేరు, ఊరు, ఎక్కడ పని చేస్తున్నావు అని రాసుకునేవారు. ఆ వివరాలు అప్పట్లో ఊళ్లో ఉండే వలంటీరుకి వెళ్లేవి. ఏ కంపెనీ అని అడిగితే ఏం చెప్పాలి? ఆ భయం ముందు కరోనా భయం చిన్నదైపోయింది. ఇంటి వైపు ఉన్న గేటు నా కళ్లెదురుగా ఉండగా, నేను కారు వెనక్కి తిప్పించుకుని హైదరాబాదు పోయాను. పలాస అక్క క్వారంటైన్ పూర్తి చేసుకుని ఏప్రిల్‌లోనే ఇంట్లో ఉంది.

హాస్టళ్లు ఖాళీ చేయించకూడదని ప్రభుత్వం చెప్పిందన్న వార్త దారిలో ఫోన్లో చూశాను. ఒక్క రోజు ముందు చెప్పి ఉంటే ఎంతమంది ఆ రోడ్డెక్కకుండా ఉండేవారు! అంకుల్ అప్పటికే తన ఊరు వెళ్లిపోయాడు. వాచ్‌మన్ భార్య తాళం తీసింది. ఆమెది పాలమూరు వైపు ఊరు. "నువ్వెక్కడికి పోతవ్ బిడ్డా, ఉండు" అంది. పదకొండు మందిమి మిగిలాం. మెస్ లేదు. ఒక గ్యాస్ పొయ్యి, వంతులవారీగా అన్నం, పచ్చడి. మధ్యాహ్నం అన్నపూర్ణ క్యాంటీన్ భోజనానికి వెళ్లేవాళ్లం. మామూలు రోజుల్లో 5 రూపాయలు, అప్పుడు ఉచితంగా పెట్టేవారు. మొదటి రోజు మొహానికి చున్నీ చుట్టుకుని నిలబడ్డాను, ఎవరైనా చూస్తారేమోనని. వారం తర్వాత చున్నీ లేదు, సిగ్గూ లేదు. కూర బాగుందో లేదో మాట్లాడుకునేవాళ్లం.

కష్టమైంది తిండి కాదు, ఫోను. పొద్దున్న పదింటికి అమ్మ చేస్తే "మీటింగ్‌లో ఉన్నాను" అని పెట్టెయ్యాలి. వర్క్ ఫ్రమ్ హోమ్ అంటే ఏమిటో నాన్నకి నేనే వివరించాను. చాలా బాగా వివరించాను కూడా.

మే మొదటివారంలో అమ్మ ఫోన్ చేసింది. గుడి మూసేశారు, యాత్రికులు లేరు, పూతరేకుల పని ఆగిపోయింది. అరటిగెలలు కొనే నాథుడు లేక నాన్న వ్యాను ఇంటి ముందే ఉంది. అవన్నీ చెప్పి, కాసేపాగి, ఎప్పుడూ అడగని మనిషి అడిగింది. "నీ జీతంలో ఓ అయిదు వేలు పంపగలవా అమ్మా? ఇబ్బందైతే వద్దులే."

అప్పుడు చెప్పాను. ఉద్యోగం లేదని, ఎప్పుడూ లేదని, కారు ఆఫీసుది కాదని. ఏడవాలనుకున్నాను గానీ ఏడుపు రాలేదు. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత అమ్మ, "ఇరవయ్యొక్క కొబ్బరికాయలే! ఆ డబ్బులైనా మిగిలేవి కదే" అంది. ఆ మాటకి ఇద్దరం నవ్వాం. తర్వాత నాన్న ఫోన్ తీసుకుని చెడామడా తిట్టారు. అప్పుడు ఏడుపొచ్చింది.

జూన్ 1 నుంచి కొన్ని ప్రత్యేక రైళ్లు వేశారు. వాటిలో గోదావరి ఒకటి. ఆ వారంలోనే టికెట్ దొరికింది, డబ్బు నాన్నే వేశారు. రాజమండ్రిలో దిగి, ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా ఇంటికొచ్చాను. వెనక గదిలో 14 రోజులు. మార్చిలో గరికపాడు దగ్గర తప్పించుకున్న ఆ 14 రోజులే.

మరుసటి ఏడాది సర్టిఫికెట్ల కోసం ఆ కన్సల్టెన్సీకి వెళ్తే అక్కడ చీరల షాపుంది. పోయాయని పోలీసు కాగితం, నోటరీ అఫిడవిట్, బోర్డుకొకటి, నన్నయ యూనివర్సిటీకొకటి ఫీజులు. డూప్లికేట్లన్నీ చేతికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. వాటితో మళ్లీ హైదరాబాదు వచ్చి ఒక ఆసుపత్రి బిల్లింగులో 14,000 జీతానికి చేరాను. ఇప్పటికీ హైదరాబాదులోనే ఉన్నాను. ఆ ఊరి మీద నాకు కోపం లేదు. నన్ను మోసం చేసినవాడూ, తాళం తీసి ఉండమన్న ఆమే ఒకే వీధిలో ఉన్నారు.

మా ఊరి నుంచి, అటు లొల్ల నుంచి కొందరు అమ్మాయిలు బయల్దేరే ముందు ఫోన్ చేస్తుంటారు. హాస్టల్లో టిఫిన్ బాగుంటుందా అని మొదలుపెడతారు. బాగుండదు. ఒరిజినల్స్ ఇంట్లో బీరువాలో పెట్టి జిరాక్సులు తీసుకెళ్లమంటాను. ఇంటర్వ్యూకి ఒరిజినల్స్ చూపించమంటే చూపించి వెంటనే తిరిగి తెచ్చుకోండి, రాత్రికి కూడా ఎవరి దగ్గరా వదలొద్దు. ఉద్యోగం ఇవ్వడానికి డబ్బడిగేవాడి దగ్గర ఉద్యోగం ఉండదు. అడ్వాన్సుకి రసీదు ఇవ్వనంటే ఫోన్ పే చెయ్యండి, అదే రసీదు. ఇంటికి చేరే ఖర్చు ఒక 3,000 వేరే అకౌంట్లో వేసి దాని కార్డు పెట్టెలో అడుగున పడెయ్యండి. పండక్కి కూడా తియ్యొద్దు. వాచ్‌మన్ కుటుంబంతో బాగుండండి.

ఇవన్నీ వాళ్లు రాసుకుంటారు. నేను అసలు చెప్పాలనుకున్నది మాత్రం రాసుకోరు: ఉద్యోగం రాలేదని ఇంట్లో చెప్పెయ్యండి, వచ్చిన రోజు చెప్పినంత తేలిగ్గా. పిల్లల కన్నా ఇది పెద్దవాళ్లు వినాల్సిన మాటేమో. "ఏమైంది, ఏమైంది" అని నిశ్చితార్థాల్లో అడగడం మానితే మాలాంటివాళ్ల సగం అబద్ధాలు పుట్టవు.

హాస్టల్ అడ్వాన్సు 2,000 రాలేదు. పలాస అక్కకి 1,000 ఇచ్చేశాను. అమ్మ డ్వాక్రా అప్పు ఆఖరి కిస్తీ 2022 ఆగస్టులో కట్టాం. ఆ వారం శనివారం అమ్మ గుడికి వెళ్లి ఒక్కటే కొబ్బరికాయ కొట్టింది.