స్వరములు తెలిసిన పిదప

మన యిండ్లలో ఆడపిల్లలకు సంగీతము చెప్పించు ఆచారము చిరకాలము నుండి కలదు. పెండ్లిచూపులనాడు వినిపించుటకు నాలుగు కృతులు వచ్చిన చాలునను భావము నేటికిని పూర్తిగా పోలేదు. నేర్చిన కృతిని అక్షరము తప్పక అప్పజెప్పిన పిల్లను మెచ్చుకొందురు. ఆ పిల్లయే సొంతముగా రెండావర్తముల స్వరకల్పనకు పూనుకొన్నచో, “ముందు పాఠము కానిమ్ము” అందురు. నేను వీణ నేర్చినదియు ఆ మర్యాదలోనే.

నడివయసున గిటారు పట్టినప్పుడు గురువుగారు మొట్టమొదట చూపినది అయిదు స్వరముల వరుస: షడ్జము, సాధారణ గాంధారము, శుద్ధ మధ్యమము, పంచమము, కైశికి నిషాదము. ఆరు తీగలపై తీగకు రెండేసి చొప్పున పండ్రెండు స్థానములు. చేయి పెద్దగా కదల్పనక్కరలేదు. ఇది మన శుద్ధధన్యాసి మూర్ఛనయే గదా! గమకములును ప్రయోగములును లేని వట్టి మూర్ఛన రాగము కాదనుట వేరు సంగతి. ఆ వరుసను ఎక్కి దిగుచు వాయించితిని. “ఇది ఓనమాలు దిద్దుట, అయిదింటిలో మూటిని విడిచి, రెండింటితో నాతో మాటలాడుడు” అనిరి. ఆయన ఒక పలుకు వాయించి ఆగుదురు. నేను బదులు చెప్పవలెను. రెండు స్వరములతో ఏమి చెప్పగలమని సంశయించితిని గాని, ఎప్పుడు ఊరకుండవలెనో తెలిసిన కొలది చెప్పవలసినది తోచసాగినది.

ఈ పద్ధతి బ్లూసు సంగీతమునకు చెందినది. 1865లో అమెరికాలో బానిసత్వము రద్దయిన తరువాతి దశాబ్దములలో, దక్షిణ రాష్ట్రముల నల్లజాతివారి నడుమ అది రూపొందినది. అందొక పాదము పాడి, దానినే మరల పాడి, మూడవ పాదమున సమాధానము చెప్పుట పరిపాటి. పాదమునకు పాదమునకు నడుమ వదలిన ఖాళీలో గిటారు పలుకును. బి. బి. కింగు (1925–2015) పాడునప్పుడు గిటారును ఆపి, గిటారు పలుకునప్పుడు తాను మౌనము వహించెడివాడు.

వెనుక మ్రోగు కార్డులు షడ్జ మధ్యమ పంచమములపై మారుచుండును. షడ్జపు కార్డుపై మన గాంధారము అందలి అంతర గాంధారముతో ఒరసికొని నొప్పిగా ధ్వనించును. మధ్యమపు కార్డు వచ్చినంతనే అదే స్వరము సొంత యింటికి చేరినట్లు కుదురుకొనును. కావున ఏ స్వరముపై ఎప్పుడు ఆగుదుమన్నదియే ముఖ్యము. మూడవ తీగ ఏడవ మెట్టున మధ్యమమును మీటి, తీగను ఒత్తి పంచమమునకు ఎక్కించుట మరియొక విద్య. వీణపై తీగ లాగిన వ్రేళ్లకు అది క్రొత్త కాదు. ఆ వ్రేళ్లకు శక్తి మునుపే కలదు, అడిగినవారే లేకపోయిరి.

మా చెల్లెలి కూతురు ఇప్పుడు వీణపై మోహన గీతము నేర్చుచున్నది. ప్రతి పాఠమున పది నిమిషములు స, రి, గ లతో దాని యిచ్చవచ్చినట్లు వాయింపనిండని పంతులమ్మగారిని కోరితిని. ఆమె సంతోషముతో ఒప్పుకొనెను. మా చెల్లెలు మాత్రము ఈ నెలలో ఎన్ని గీతములు పూర్తియైనవని అడుగుచున్నది.