ఇల్లు చేరిన కథ

మా ముందుగదిలో కందుకూరి వీరేశలింగముగారి పటము గలదు. అది నేను పుట్టింటినుండి తెచ్చుకొన్నది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వారు జరిపించిన ప్రథమ వితంతువివాహ వృత్తాంతమును వినుచు పెరిగినవారము మేము. అట్టి పటము క్రింద నిలిచి, గత దసరా సెలవులలో, నేనొక పుస్తకమును బీరువాలో పెట్టి తాళము వేసితిని.

ఆ పుస్తకము సెలవులకు వచ్చిన మా అన్నగారి కుమార్తెది. కళాశాలలో చదువుకొను పిల్ల. భోజనముల వేళ తాను చదువుచున్న కథను గుఱించి ముచ్చటగా చెప్పినది. అమెరికాలోని మలిండా లో యను రచయిత్రి 2009లో ప్రకటించిన నవల యట. పేరు ‘ఆష్’, అనగా బూడిద. సిండరెల్లా కథయే గాని, ఇందులో ఆ పిల్ల వరించునది రాజకుమారుని గాదు, మఱియొక స్త్రీని. ఈ మాట విని నేను నవ్వి యూరకుంటిని. పిల్ల నిద్రపోయిన పిమ్మట పుస్తకమును దాచితిని. దాచిన వెంటనే సిగ్గు కలిగినది. చదువక నిషేధించుట మా ఇంటి పద్ధతి కాదు. తాళము తీసి, దీపము దగ్గఱ కూర్చుండి, తెల్లవాఱుజామునకు కడపటి పుట చేరితిని.

తల్లిదండ్రులను కోల్పోయి సవతితల్లి ఇంట ఊడిగము చేయు బాలిక కథ యది. అడవిలో ఆమెకు మాయాజాతి పురుషుడొకడు కనబడును. అతడు కోరికలు తీర్చును గాని, దానికి వెల గలదు. తన దుఃఖమునుండి, ఈ లోకమునుండియే, అతడు తన్ను కొనిపోయిన చాలునని ఆమె తలచుచుండును. ఇంతలో రాజుగారి వేటబృందమునకు నాయకురాలైన కైసాతో పరిచయ మగును. కలిసి అడవిలో నడచుచు, మాటలాడుకొనుచుండగా స్నేహము ప్రేమగా పరిణమించును. లోకమును విడిచిపోగోరిన పిల్లకు బ్రదుకవలెనను కోరిక పుట్టుటయే ఇందలి సారము. ఆ కల్పితరాజ్యమున ఇద్దఱు స్త్రీల వలపును వింతగా చూచువారు లేరు. దానిపై ఉపన్యాసములు లేవు, శిక్షయు లేదు. మొదటి ప్రతిలో ఆ పిల్ల రాజకుమారునే ప్రేమించినదనియు, చదివిన స్నేహితురా లొకతె ఆమె మనస్సు వేఱొక స్త్రీపాత్రవైపు మొగ్గుచున్నదని చూపగా కథ మార్చితిననియు రచయిత్రియే చెప్పినది.

ఇట్టి కథలను ఆంగ్లమున సాఫిక్ కథలందురు. సుమారు 2600 సంవత్సరముల క్రిందట లెస్‌బాస్ ద్వీపమున నుండిన కవయిత్రి సాఫో పేరునుండి ఆ మాట వచ్చినది. పేరు పురాతనమే యైనను, వీనికి సుఖాంతము లభించుట మాత్రము ఇటీవలి సంగతి. 1952లో మారిజేన్ మీకర్ మాఱుపేరుతో వ్రాసిన ‘స్ప్రింగ్ ఫైర్’ నవలకు సంతోషకరమైన ముగింపు తగదని ప్రకాశకుల పక్షమున నియమము పెట్టిరి. అట్లు ముగించినచో తపాలాశాఖవారు ప్రతులను పట్టుకొందురని భయము. కాబట్టి ఆ కథలో ఒకతెకు మతి చలించెను. రెండవది తాను ఆమెను ప్రేమింపనే లేదని తేల్చుకొనెను. 1982లో నాన్సీ గార్డెన్ ‘ఆనీ ఆన్ మై మైండ్’ అను నవలలో ఇద్దఱు బాలికలను కలిపి కథ ముగించినది. 1993లో కాన్సాస్ సిటీలో దాని ప్రతిని తగులబెట్టిరి. పాఠశాలల గ్రంథాలయములనుండి తొలగించిన ప్రతులను మరల నుంచవలెనని 1995లో న్యాయస్థానము తీర్పు చెప్పవలసి వచ్చినది.

నేడు ‘కోజీ’ యను పేర వెచ్చని కథలు వెలువడుచున్నవి. 2022లో ట్రావిస్ బాల్డ్రీ ప్రకటించిన ‘లెజెండ్స్ అండ్ లాటేస్’లో యుద్ధములతో విసిగిన స్త్రీ యొకతె కత్తిని గోడకు తగిలించి కాఫీ అంగడి పెట్టును; తోడుగా పనిచేయవచ్చిన స్త్రీయే ఆమెకు బ్రదుకుతోడగును. ఇందు లోకమేమియు తలక్రిందులు కాదు గనుక ఇవి కాలక్షేపపు వ్రాతలని కొందఱనెదరు. ఆ రాత్రి పుస్తకము మూసిన పిమ్మట నే నట్లనలేకపోతిని.

నా చిన్ననాట మా వీధిలో ఇద్దఱు ఉపాధ్యాయినులు ఒక ఇంట ఇరువది యేండ్లు కాపురముండిరి. పెరటిలో కనకాంబరములు పెంచి, మాలలు కట్టి వీధిలోని ఆడపిల్లల కిచ్చువారు. వారిని గుఱించి పెద్దలు గుసగుసలాడిరి, పిల్లలము నవ్వితిమి. ఇల్లు పెద్దామె పేర నుండెను. ఆమె మరణించిన పదునొకండవనాడు బంధువులు వచ్చి తాళముచెవు లడిగిరి. చిన్నామె ఒక ఇనుపపెట్టెతో రిక్షా ఎక్కినది. వీరేశలింగముగారి పటమున్న మా ఇంటి వాకిటినుండి అందఱమును చూచితిమి. ఎవరమును ఒక్కమాట యనలేదు.

పునర్వివాహము చేసికొని వెలివేయబడిన దంపతులకు పంతులుగారు పెండ్లి చేసి యూరకుండలేదు. ఉండుటకు నీడయు చూపిరి. సంస్కరణమన ఇల్లు చూపుట కూడ నని ఆ పటము క్రిందనే పెరిగియు నేను నేర్చుకొనలేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీముకోర్టు వయస్సు వచ్చినవారి ఇట్టి ప్రేమ నేరము కాదని తీర్పిచ్చినది. 2023 అక్టోబరు 17న మాత్రము వివాహపు గుర్తింపు శాసనకర్తల పనియని విడిచినది. నేరము పోయినది, తాళముచెవుల మాట తేలలేదు. అట్టి లోకమున ఇద్దఱు స్త్రీలు ఇల్లు చేరి తలుపు వేసికొను కథ కాలక్షేపమెట్లగును?

ఉదయము పిల్ల పుస్తకమునకై వెదకుచు వచ్చి, “అత్తయ్యా! చూచితివా?” యని యడిగెను.

“చూచితిని, చదివితిని. మొదట దాచితిని కూడ” నని చేతికిచ్చితిని.

“ఎట్లున్నది?” అనెను, నా ముఖము వంక చూడక.

“బాగున్నది. కూర్చుండుము. మా వీధిలోని ఇద్దఱు టీచర్లను గుఱించి నీకు చెప్పవలెను,” అంటిని.